పూడిక తీయవలసిన పుటలు

ఏటేట వేసవి రాగానే గోదావరి కాలువలను కట్టివేయుదురు. నీరు తీసిన కాలువ యడుగున పేరుకొన్న ఒండ్రును, గుర్రపుడెక్కను, తూటికాడను తొలగించి, గట్లపై మన్ను పోసి, లాకుల తలుపులకు మరామతు చేసి, మరల సార్వాకు నీరు వదలుదురు. ఈ పని యొక యేడు మానినచో ఫలితము వెంటనే కానరాదు. నీరు పారుచునే యుండును. మరుసటి యేడును పారును. మూడవయేట శివారు భూములకు నీరందదు. అప్పుడుగాని పూడిక సంగతి యెవరికిని జ్ఞప్తికి రాదు. తాడేపల్లిగూడెము మొదలు ఏలూరు వరకును, అచ్చటినుండి కొల్లేటి లంకల వరకును నివసించు మన పాఠకులకు ఈ సంగతి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినను నేడు మేము వ్రాయబూనినది కాలువలనుగూర్చి కాదు. కంప్యూటరు డిస్కుల వరుసలను నడుపు విధానమును దెలుపు వ్రాతలనుగూర్చి.

పఠనమందిరమున కూర్చుండి ఈ పత్రికను చదువువారిలో కొందరు “ఇది మాకేల?” యని పుట త్రిప్పబోవుదురు. ఒక్క క్షణ మాగుడని వేడుచున్నాము. మీ పిల్లల వివాహ ఛాయాచిత్రములు, మీరు చూపించుకొన్న వైద్యశాలలోని మీ యెముకల ఎక్స్‌రే చిత్రములు, మీ చేపలచెరువు సరకు కొన్న వ్యాపారి లెక్కలు ఎచ్చట నున్నవో యెప్పుడైన విచారించితిరా? వీనిలో పెక్కులు ఆ దుకాణపు మూలనో, ఆ కార్యాలయపు బీరువాప్రక్కనో మినుకుమినుకుమను చిన్న పెట్టెలో, నాలుగు డిస్కులపై పరచియుండును.

ఈ డిస్కుల వరుసకు ‘రెయిడ్’ అని పేరు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు పండితులు ఒక వ్యాసమున ఈ పద్ధతిని వివరించిరి. ఖరీదైన యొక్క పెద్ద డిస్కును నమ్ముకొనుటకంటె చవుక డిస్కులను కొన్నింటిని జతచేసి, వానిలో నొకటి చెడినను సమాచారము చెడకుండునట్లు చేయవచ్చునని వారి వాదము. నాలుగు డిస్కుల వరుసలో మూడింటిపాలు సరకు వ్రాసి, దానినుండి కట్టిన యొక సరిచూపు లెక్కను నాలుగవపాలుగా వ్రాయుదురు. ఏ డిస్కు పోయినను మిగిలిన మూడింటినుండి దాని లోటును తిరిగి లెక్కకట్టవచ్చును. ఇది ‘రెయిడ్-5’ అనునది. ఈ పనికి మొదట ప్రత్యేకమైన కార్డులు అవసరమయ్యెడివి. లినక్సు వంటి స్వేచ్ఛా సాఫ్టువేరులో ఆ పనిని సాఫ్టువేరే చేయును. దీనిని నడుపుటకు ‘ఎం.డి.ఆడమ్’ అను ఉపకరణమును 2001లో ఆస్ట్రేలియాకు చెందిన నీల్ బ్రౌన్ వ్రాసి లోకమునకు ఊరకనే యిచ్చెను. సైనాలజీ, క్యూనాప్ వంటి పేర్లతో దుకాణములలో అమ్ముడువోవు పెట్టెలలోపలను పనిచేయునది ఈ లినక్సు వరుసయే. కొన్నవారికి ఆ సంగతి తెలియదు. తెలియవలసిన యవసరము పెట్టె చెడిననాడుగాని రాదు.

చెడిననా డేమి జరుగునో మేము దగ్గరనుండి చూచితిమి. ఏలూరులో మాకు పరిచితమైన యొక ఛాయాచిత్రశాల కలదు. యజమాని బావమరది 2008 ప్రాంతమున నాలుగు డిస్కులతో ఒక వరుస నమర్చి, తరువాత ఉద్యోగార్థము దూరదేశమున కేగెను. డిస్కులు పాతవైనప్పుడెల్ల ఒక్కొక్కదానిని మార్చుచు వచ్చిరిగాని మొదటి అమరిక మాత్రము మారలేదు. ఒకనాటి గాలివానలో విద్యుత్తు ఆకస్మికముగా పోయి, మరల వచ్చినప్పుడు వరుస లేవలేదు. రెండు డిస్కులు తమ లెక్కలలో వెనుకబడినట్లు కనబడెను. ఇంజనీరింగు చదువుచున్న బంధువులబ్బాయిని పిలిపించిరి. అతడు బుద్ధిమంతుడు, తొందరపాటువాడు కాడు. వెదకి వెదకి యొక వ్రాతను సంపాదించెను. పాత ఆనవాలు పద్ధతి నుపయోగించి, ‘క్రియేట్’ అను ఆజ్ఞతో వరుసను మరల నిర్మింపుమనియు, డిస్కులు శుభ్రముగానే యున్నవని చెప్పుమనియు, అటుపైన ఫైళ్ల యమరికను సరిచూచు ఉపకరణమును నడుపుమనియు అందు గలదు. అక్షరము తప్పక అట్లే చేసెను. వరుస లేచెను. సరిచూచు ఉపకరణము వేలకొలది తప్పులను కనిపెట్టి, దిద్దెను. దిద్దిన పిదప చిత్రములు లేవు.

“అందులో నున్నట్లే చేసితినండి, బాబాయిగారూ” అని ఆ బాలుడు తలవంచుకొని నిలిచెను. “నిన్నేమందును, నాయనా” అని యజమాని యనెను.

అతడు చెప్పినది నిజము. మేము తరువాత ఆ వ్రాతను తెప్పించి చూచితిమి. అందలి ప్రతి మాటయు వ్రాసిననాటికి సత్యమే! లోపము వ్రాయబడినదానిలో లేదు, వ్రాయబడనిదానిలో నున్నది. డిస్కుల వరుసలో సరకును తునకలుగా కోసి యొక్కొక్క డిస్కుకు పంచుదురు. ఆ తునక కొలత యెంతయని యాజ్ఞలో చెప్పనిచో ఉపకరణము తనకు తోచిన కొలతను వాడుకొనును. 2009కి ముందు ఆ కొలత 64 కిలోబైట్లు. ఆ యేడాది వచ్చిన 3.1వ వెర్షనునుండి 512. వ్రాసినవాడు 64 అని చెప్పలేదు. ఆనాడు చెప్పనక్కరలేదు గనుక. చదివినవాడు అడుగలేదు, అడుగవలసినదొకటి యున్నదని యెరుగడు గనుక. మొదటి 64 కిలోబైట్లు పాతకొలతకును క్రొత్తకొలతకును ఒక్కచోటనే పడును. కావున ఫైళ్ల యమరిక పీఠిక సరిగా కనబడెను. ఆ పైనిదంతయు తారుమారు. పీఠికను చూచి మోసపోయిన ఉపకరణము తక్కిన గ్రంథమంతయు తప్పని యెంచి కొట్టివేసి తిరుగవ్రాసెను. ఆ యుపకరణమును నడపకున్నచో, కొలత నొక్కదానిని మార్చి వరుసను నిలిపినంతనే చిత్రములు చాలవరకు దక్కెడివి. అంతకుమునుపే ‘క్రియేట్’ జోలికి పోక, ఉన్న వరుసను కూర్చు ‘అసెంబుల్’ ఆజ్ఞను బలవంతపు గుర్తుతో నిచ్చియున్నచో ఇంత కథయే లేకపోయెడిది.

కొల్లేటి హద్దును తెలిసినవారికి దీని యర్థము సులభముగా బోధపడును. బుడమేరు, తమ్మిలేరు పొంగిననాడు సరస్సు ఎంతవరకు వ్యాపించునో, ఉప్పుటేరు లాగివేసిన వేసవిలో ఎంతవరకు కుంచించుకొనునో మనకు తెలియును. “సరస్సు అంచువరకు” అని యొక దస్తావేజులో వ్రాసిన, ఏ మాసపు టంచు? ఏ యేటి యంచు? అందువలననే 1999లో పక్షుల యభయారణ్యమును ప్రకటించినప్పుడు నీటియంచును పట్టక, సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తు గీతను హద్దుగా పట్టి 308 చదరపు కిలోమీటర్లని తేల్చిరి. ఆ గీతనుగూర్చి యెన్ని తగవులున్నను, 2006లో చేపలచెరువుల గట్లను కొట్టివేసినప్పు డెంత గోల పుట్టినను, గీత యేదన్న ప్రశ్నకు సమాధాన మొకటి కలదు. సాఫ్టువేరు వ్రాతలలో ‘వెర్షను’ అనునదియు తేదీయు ఆ గీతవంటివి. అవి లేని పుట నీటియంచును నమ్ముకొన్న దస్తావేజు.

మారినది తునక కొలత యొక్కటియే కాదు. వరుసకు చెందిన డిస్కులను గుర్తించుటకు వానిపై వ్రాయు ఆనవాలు పూర్వము 0.90 అను పద్ధతిలో డిస్కు చివర నుండెడిది. దానికి 28 డిస్కులకంటె నెక్కువ పనికిరావు. ఒక్కొక్క డిస్కు రెండు టెరాబైట్లకు మించరాదు. 2009లో అది 1.1 పద్ధతికి మారి, 2010లో మరల 1.2కు మారెను; ఆనవాలు డిస్కు మొదటికి వచ్చెను. అటుపిమ్మట సరకు మొదలగు చోటును ముందునకు జరిగెను. 2024లో విడుదలయిన లినక్సు 6.8లో ‘లీనియర్’, ‘మల్టీపాత్’ అను రీతులనే తీసివేసిరి; వీనిలో లీనియర్‌ను వాడుకొనువారి మొరపై తరువాత మరల చేర్చిరి. ఇక డిస్కులే మారినవి. ఇంటి వాడుక డిస్కు చెడిన తావును చదువబోయి రెండు నిమిషములకుపైగా పెనుగులాడవచ్చును. లినక్సు ముప్పది సెకండ్లు చూచి, అది చచ్చినదని వరుసనుండి గెంటివేయును. బ్రదికియున్న డిస్కుకు ఈ గతి పట్టకుండ రెండింటి గడువులను సరిపుచ్చవలెనని పాత పుస్తకములలో లేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, వరుసల కొరకే యని యమ్ముచున్న తన ఎర్ర డిస్కులలో కొన్నింటిని చారలు ఒకదానిపై నొకటి పడునట్లు వ్రాయు క్రొత్తపద్ధతిలో చేసితిమని బయటపెట్టవలసి వచ్చెను. ఆ పద్ధతి డిస్కులు వరుసను తిరిగి నింపు సమయమున మిక్కిలి మందగించును. పది సంవత్సరములనాటి సలహా యెంత మంచిదైనను ఈ డిస్కును కలలోనైన చూచియుండదు.

అయినచో ఈ వ్రాతల నెవరు దిద్దుచున్నారు? చరిత్ర కొంచెము విచారకరమైనది. యాకొబ్ ఓస్టర్‌గార్డ్, ఎమిలియో బ్యూసొ అనువారు వ్రాసిన ‘సాఫ్టువేర్ రెయిడ్ హౌటూ’ 2004నాటి రూపముతో నిలిచిపోయెను. ఆనాటికి అది చక్కని గ్రంథము. ‘రెయిడ్‌టూల్స్’ అను పాత యుపకరణములను, క్రొత్తగా వచ్చిన ఎం.డి.ఆడమ్‌ను ప్రక్కప్రక్కన వివరించినది. ఆ రెయిడ్‌టూల్స్ తరువాత లినక్సు పంపిణీలనుండి మాయమయ్యెను; గ్రంథమున మాత్రము నేటికిని సజీవముగా నున్నవి. పిమ్మట లినక్సు కెర్నల్ ఆశ్రయమున ఒక రెయిడ్ వికీ నడచెను. కొందరు ఓపికగలవారు అందు వ్రాసి, ‘క్రియేట్’ను చికిత్సగా వాడవలదని స్పష్టముగా హెచ్చరించిరి. ఆ వికీ యిప్పుడు దిద్దుబాట్లకు మూతబడి, భద్రపరచిన పాతప్రతిగా నున్నది. ఉపకరణముతోబాటు వచ్చు మాన్యువల్ పుట యొక్కటియే ఉపకరణముతోబాటు పెరుగుచున్నది. అందుచేత అదియే యెక్కువ నమ్మదగినది. కాని దానిని చదువుట కరణీకపు భాష చదువుటవంటిది. ఇంతకుముందే తెలిసినవానికిగాని తెలియదు.

కరణములను తలచితిమి గనుక ఒక మాట. 1984లో ఆ పదవులు రద్దగువరకు గ్రామకరణముపై ఆరోపింపబడని పాపము లేదు. వానిలో పెక్కులు నిజములే. అయినను ఏటేటి జమాబంది యను నాచార మొకటి యుండెడిది. అడంగలులో నున్న పంట పొలములో నున్నదా, పట్టాదారు బ్రదికియున్నాడా యని అధికారి యెదుట లెక్క యొప్పగింపవలెను. లెక్క సరిగా నుండెడిదని మేము చెప్పము. లెక్కను సరిచూచు దిన మొకటి యుండెడిదని మాత్రము చెప్పుదుము. సాఫ్టువేరు పుస్తకములకు అట్టి దినము లేదు. వ్రాసినవాడు వ్రాసిననాటి యుత్సాహమున వ్రాసి వెడలిపోవును. అతనిని నిందించుట కృతఘ్నత. జీతము లేదు, పేరు లేదు, తన యవసరము తీరినను పరులకొరకు కూర్చుండి వ్రాసినాడు. ఆ వ్రాతను ఇరువది యేండ్లు ఊరక వాడుకొని, ఒక్క పంక్తియు దిద్దని మనలను నిందింపవలెను. ఊరుమ్మడి కాలువకు ఇంటికొక మనిషి వచ్చి పూడిక తీయు కుడిమరామత్తు పద్ధతి మన తాతలకు తెలియును. నీరు పెట్టుకొనువాడే పార పట్టవలెను. స్వేచ్ఛా సాఫ్టువేరు సర్వజనుల సొత్తు అని సభలలో చెప్పుకొనుట సులభము. సర్వజనుల సొత్తునకు మరామతు చేయువా రెవరను ప్రశ్న వచ్చినప్పుడు సభ పలుచబడును.

దీనిని తెలుగులో వ్రాయవలెనని కొందరు మిత్రులు మాతో ననిరి. సంతోషమే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మనవారు నేటివరకు నడుపుచునే యున్నారు; హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు లినక్సునే తెచ్చిరి. శక్తి లేదనువారితో మేము ఏకీభవింపము. కాని మాకొక భయము కలదు. దిద్దుబాటు లేని యింగ్లీషు పుట యొక గోయి. దానిని తెలుగులోనికి మార్చి, మరల చూడక వదలినచో అది మన వీధిలోనే త్రవ్విన గోయి. మన భాషలో నున్నది గనుక మనవాడు మరింత నమ్మి పడును. అందుచేత ఎంత దిద్దగలమో అంతయే వ్రాయవలెను. మా మతమున తెలుగుపుస్తకము పది పుటలు మించరాదు. ఆజ్ఞలు త్వరగా పాతబడును. బుద్ధులు నెమ్మదిగా పాతబడును. వరుస యనగా నేమి, దాని స్థితి నెట్లు చూడవలెను, చెడినప్పు డేమి చేయరాదు అను మూడింటిని విపులముగ వ్రాయుడు. చెడిన వరుసపై దేనిని వ్రాయుటకును ముందు ప్రతి డిస్కు ఆనవాలును పరీక్షించి కాగితమున కెక్కింపవలెననియు, వీలున్నచో డిస్కులకు నకళ్లు తీసి నకళ్లపైననే చికిత్స చేయవలెననియు పెద్ద యక్షరములతో ముద్రింపుడు. ఆజ్ఞలనన్నింటిని చివర ఒక్క పుటలో కూర్చి, ఆ పుట నెత్తిన వెర్షనును, చేసిచూచిన తేదీని వేయుడు. అప్రకటిత కొలత లేవియు నుండరాదు. తునక యింతయని, ఆనవాలు ఫలానాయని, డిస్కుల క్రమ మిదియని ఆజ్ఞలోనే చెప్పవలెను. నేడు చెప్పనక్కరలేదని తోచినవే రేపు ముంచునవి. పాతపుటలను చింపివేయరాదు. పాత వరుసలు మన దుకాణములలో నింకను బ్రదికియున్నవి గదా. వానిపై “ఫలానా యేటివరకే చెల్లును” అని ముద్ర వేసి, వేరుగా నుంచవలెను.

చేసిచూచుటకు డిస్కులు కొనవలెనా యని విద్యార్థులు అడుగుదురు. కొననక్కరలేదు. లినక్సులో నాలుగు ఖాళీ ఫైళ్లను సృష్టించి, వానినే డిస్కులుగా భ్రమింపజేసి వరుస కట్టవచ్చును. ఒకదానిని చెడినట్లు ప్రకటించి, తీసివేసి, క్రొత్తది చేర్చి, నిండుచుండగా చూడవచ్చును. కావలెనని ‘క్రియేట్’ తప్పును చేసి, మా మిత్రుని చిత్రములు పోయిన తీరును కన్నులార గాంచవచ్చును. ఒక మామూలు ల్యాప్‌టాప్‌పై ఒక్క సాయంకాలపు పని. 2015లో స్థాపితమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తాడేపల్లిగూడెముననే కలదు. ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి పేర ఇంజనీరింగు కళాశాల కలదు. చివరి సంవత్సరపు ప్రాజెక్టని పట్టణపు దుకాణములలో కొని తెచ్చి యొప్పగించు ముద్రితపు కట్టలకు బదులు, ఏటేట ఇద్దరు విద్యార్థులు ఈ పదిపుటలను క్రొత్త డెబియన్‌పై మొదటినుండి చివరివరకు చేసిచూచి, తప్పులు దిద్ది, తేదీ మార్చి, క్రింద సంతకము చేసిన నష్టమేమి? తప్పు కనబడినచో మూల మాన్యువల్‌కును దిద్దుబాటు పంపవచ్చును. ఆ ద్వారము అందరికిని తెరచియే యున్నది. అధ్యాపకులు దీనికి మార్కు లీయరందురు. సాఫ్టువేరు వ్రాయుట విద్యయనియు, అది యెట్లు పనిచేయునో వ్రాయుట గుమాస్తాపనియనియు మన కళాశాలలలో నెలకొన్న చిన్నచూపే దీనికి మూలము. గుమాస్తా లెక్క తప్పినప్పుడు సంస్థానములు మునిగినవి.

కార్యాలయములవారికిని రెండు మాటలు. వరుసలో డిస్కు చెడినప్పుడు ఉపకరణము ఉత్తరము వ్రాయగలదు. కాని చిరునామా నీయనిచో ఆ యుత్తరము యంత్రములోనే యెవరును తెరువని పెట్టెలో పడియుండును. ఒక డిస్కు మరణించి నెలలు గడచినను ఎరుగక, రెండవది మరణించిననాడు గుండెలు బాదుకొనువారే యెక్కువ. క్రొత్తగా కట్టిన వరుసను అమరికల ఫైలులో నమోదు చేయనిచో, యంత్రమును తిరిగి తెరచినప్పుడు అది 127 అను అపరిచితపు సంఖ్యతో లేచి కంగారు పెట్టును. మరియు డిస్కుల వరుస నకలునకు బదులు కాదు. పొరబాటున చెరిపిన ఫైలును అది నాలుగు డిస్కులనుండియు శ్రద్ధగా చెరుపును. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ వీధులు మునిగినప్పుడు క్రింది యంతస్తులోని పెట్టెలో నాలుగు డిస్కులున్న నేమి, నలువది యున్న నేమి? తమ్మిలేటి యొడ్డుననున్న ఏలూరువారికి ఇంతకంటె చెప్పనేల?

ఏలూరు, తాడేపల్లిగూడెము యువకులు ఎవరైన ఈ పదిపుటలను సిద్ధపరచినచో మా పత్రికలో వారమున కొక్క పుటచొప్పున తావిత్తుము. ఏటేట కాలువలు కట్టిన మాసమున దిద్దిన ప్రతిని మరల ముద్రింతుము.

ఛాయాచిత్రశాలలోనికి మొన్న మరల పోయితిమి. క్రొత్తపెట్టె ప్రక్కన గోడకొక అట్ట అంటించియున్నది. ఆనవాలు 1.2, తునక 512, డిస్కుల క్రమసంఖ్యలు నాలుగు, నకలు డిస్కు ఎవరి యింట నున్నది, ఉపకరణపు వెర్షను ఏది, అన్నియు ఆ బాలుని చేతివ్రాతలోనే. అడుగున “చూచిన తేదీ” అని యొక గడి. అందులో నిదివరకే రెండు తేదీలు కొట్టివేయబడి మూడవది వ్రాయబడియున్నది.